ఫిర్యాదు – తకరారు

ఆటల పోటీలు ముగిసిన పిమ్మట నిర్వాహకులు, క్రీడాకారులు ఒకచోట కూర్చుండి తప్పొప్పులు చర్చించుకోవడం మంచి ఆచారమే. కాని అటువంటి సభలు అనేకం జగడాలుగా పరిణమించడానికి కారణమేమి?

కొన్నేళ్ల క్రితం నందిగామ ప్రాంతంలో కళాశాలల క్రికెట్ పోటీ ఒకటి ముగిసిననాడు అట్టి సభకు నేనూ హాజరైనాను. తెలుగు పంతులును గనుక వివరాలు వ్రాసే పని నాకు అప్పగించారు. వెలుతురు తగ్గిన తరువాత కూడా తమచేత ఆడించారని ఒక జట్టు లేచింది. "ఖర్చు భరించింది మేము, షామియానా వేయించింది మేము, ఇక మాటలు పడవలసిందీ మేమేనా?" అని నిర్వాహకులలో ఒక పెద్దమనిషి కోపించాడు. ఆ జట్టు అదే మాట నాలుగు మార్లు అడిగింది. నాలుగు మార్లూ ఖర్చుల లెక్కే సమాధానంగా వచ్చింది. రెండు గంటల తరువాత నా కాగితం నిండా ఆరోపణలే. 'తీర్మానం' అన్నచోట వ్రాయడానికి ఏమీ లేదు.

మన ఉభయ భాషలలోనూ వాడుకలో ఉన్న రెండు మాటలు ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగినవి. 'ఫిర్యాదు' పారసీ నుండి వచ్చింది. సాయం కోరి పెట్టే మొర అని అర్థం. 'తకరారు' అరబ్బీ పదం. అక్కడ దాని అర్థం పునరుక్తి, అనగా అన్నమాటనే మరల అనడం. ఉర్దూలోను, తెలుగులోను అది తగాదా అయింది. ఈ అర్థవిపరిణామం నాకు వింతగా తోచదు. జవాబు దొరకని మొరను మనిషి మరల మరల చెబుతాడు. మూడవసారికి గొంతు పెరుగుతుంది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ ఒకటి కలదు. భారత క్రికెట్ నియంత్రణ మండలి దేశవాళీ జట్ల కెప్టెన్లను, శిక్షకులను పిలిచి వారి అభిప్రాయాలు వింటూ వచ్చింది. రంజీ ట్రోఫీలో ఆంధ్ర, హైదరాబాదు జట్లు రెండూ ఆడుతున్నవి గనుక ఇది మనకు దూరపు సంగతి కాదు. 2019 జనవరిలో బెంగుళూరులో కర్ణాటక, సౌరాష్ట్రల మధ్య జరిగిన సెమీఫైనలులో బంతి పుజారా బ్యాటు అంచుకు తగిలినట్లు కనిపించినా అంపైరు ఔట్ ఇవ్వలేదు. అతడు సెంచరీ చేసి నాటౌట్‌గా నిలిచాడు, సౌరాష్ట్ర గెలిచింది. ఆ మే నెలలో ముంబయి సమావేశంలో కెప్టెన్లు, శిక్షకులు అంపైరింగు ప్రమాణాన్ని గట్టిగా ఆక్షేపించారు, బంతుల నాణ్యతను తప్పుపట్టారు, టాస్ తీసివేయమన్నారు, నిర్ణయ సమీక్ష పద్ధతి, అనగా డి.ఆర్.ఎస్., కావాలన్నారు.

అన్నీ నెగ్గలేదు. టాస్ అట్లే ఉండిపోయింది. కాని 2019–20 రంజీ సెమీఫైనళ్లలో సమీక్ష పద్ధతిని పరిమితంగా ప్రవేశపెట్టారు. బంతి మార్గాన్ని లెక్కగట్టి చూపే హాక్‌ఐ గాని, అంచుకు తగిలిన సవ్వడిని పట్టే పరికరం గాని అందులో లేవు. అర్ధ న్యాయమే కావచ్చు. అయినా "ఇంతవరకు ఇవ్వగలం" అన్న జవాబు మైదానంలోనే కనిపించింది.

2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన మండలి నిబంధనావళి అపెక్స్ కౌన్సిలులోని 9 స్థానాలలో రెండింటిని, పురుషునికొకటి, స్త్రీకొకటి చొప్పున, క్రీడాకారుల సంఘానికి కేటాయించింది. అయితే 2019లో ఏర్పడిన ఆ సంఘం విశ్రాంత క్రీడాకారులది. నేడు ఆడుతున్నవాడు తన ఎంపికను చేతిలో పెట్టుకున్నవారి ఎదుటనే నోరు విప్పాలి. ఆ భయం చిన్నది కాదు. మన కళాశాల కుర్రవానికైనా అంతే.

మరుసటి ఏడు నేను కాగితంపై మూడు గడులు గీసి తీసుకుపోయాను: ఫిర్యాదు, జవాబు, ఎప్పటి నుండి. ఫిర్యాదు చేసినవాని పేరు వ్రాయలేదు, జట్టు పేరు మాత్రమే వ్రాశాను. సభ ప్రశాంతంగా సాగిందని చెప్పలేను. భోజనాల విషయంలో కేకలు లేచినవి. కాని వెలుతురు సంగతిలో రెండవ గడి నిండింది: ఆట ఆపే అధికారం అంపైర్లదే, నిర్వాహకులది కాదు. (నిజానికి క్రికెట్ నిబంధనలలో అది వారిదే!) మూడవ గడిలో "వచ్చే పోటీ నుండి" అని వ్రాసి, ఇరుపక్షాలచేత సంతకాలు చేయించాను.