పిల్లికీ ఉంటుంది పథ్యం!

మీ పిల్లి తల, మెడ దగ్గర అదే పనిగా గోక్కుంటోందా? తరచూ వాంతులు, విరేచనాలా? తిండి పడకపోవడమూ కారణం కావచ్చు. ఎక్కువగా పడనివి బీఫ్, చేప, చికెన్. రక్తపరీక్షతో ఇది కచ్చితంగా తేలదు. ప్రొటీన్‌ను సూక్ష్మంగా విడగొట్టిన ‘హైడ్రోలైజ్డ్’ ఆహారమో, అదివరకు తినని కుందేలు వంటి మాంసంతో చేసినదో డాక్టర్ సలహాతో కనీసం 8 వారాలు పెట్టాలి. తర్వాత పాత తిండి పెట్టినప్పుడు దురద తిరగబెడితే కారణం దొరికినట్టే.

మా ఇంట్లో అసలు కష్టం పిల్లితో కాదు, ఇండియా నుంచి వచ్చిన అమ్మతో! ‘నోరులేని జీవం’ అంటూ పెరుగన్నం పెట్టబోయేది. ఒక్క ముద్దతో పరీక్ష మొదటికొస్తుంది. పైగా మాంసాహారి అయిన పిల్లికి పెరుగన్నం చాలదు. ఉల్లి, వెల్లుల్లి దానికి విషం. కొత్త తిండి ముట్టక ఒక రోజు దాటితే వెంటనే డాక్టర్‌కు చెప్పండి. పస్తులుంటే పిల్లి కాలేయం దెబ్బతింటుంది.