ఉపగ్రహ పటంలో వరద నష్టం: సరకు బేరంలో గమనించవలసినవి

ఫలక్‌నుమా: పెద్ద వాన కురిసిన మరునాడే యార్డులో పంట పోయిందన్న మాట పుడుతుంది. అమ్మకందార్లు సరకు బిగబట్టడం, స్టాకిస్టులు కొనుగోళ్ళకు దిగడం, ధర పుంజుకోవడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోతాయి. తీరా రాబడులు మామూలుగానే వస్తే హెచ్చు ధరకు కొన్నవారు నష్టపోతారు. ఇటువంటి వేళ వర్తకులకు అందుబాటులో ఉన్న ఆధారం ఉపగ్రహ పటం. అది ఏమి చెప్పగలదో, ఏమి చెప్పజాలదో తెలియనివారికి మాత్రం అది కూడా మరొక పుకారే.

2020 అక్టోబరు 13న కాకినాడ సమీపాన తీరం దాటిన తీవ్ర వాయుగుండం ఆ రాత్రి హైదరాబాదును ముంచెత్తింది. పల్లె చెరువు పొంగి ఫలక్‌నుమా ప్రాంతంలోని అల్ జుబైల్ కాలనీ నీట మునిగింది. ఫలక్‌నుమా రైలు వంతెనపై రోడ్డు కుంగింది. అదే వానలకు జిల్లాలలో వరి, పత్తి దెబ్బతిన్నాయి. దారి తెగి లారీ రాకపోవడం వేరు, చేనులో సరకే లేకపోవడం వేరు. మొదటిది కొద్ది రోజులలో సర్దుకుంటుంది. రెండవది సీజను అంతా వెంటాడుతుంది. యార్డులో రాబడి తగ్గడాన్ని బట్టి ఈ రెండింటిని విడదీయలేము. పటంతో కొంతవరకు విడదీయవచ్చు.

నీటి పటం

వరద రోజులలో ఆకాశం మబ్బు పట్టి ఉంటుంది కనుక మామూలు కెమెరా పనికిరాదు. అప్పుడు రాడార్ ఉపగ్రహం అక్కరకు వస్తుంది. 2022 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి పంపిన ఈఓఎస్-04, ఐరోపావారి సెంటినెల్-1 ఈ కోవకు చెందినవి. రాడార్ తరంగం మబ్బును దాటి వస్తుంది. నిశ్చలమైన నీటిపై పడితే పక్కకు జారిపోయి తిరిగి రాదు. అందువలన నీరు పటంలో నల్లగా కనిపిస్తుంది.

ఇందులో ఒక చిక్కు కలదు. ఏపుగా పెరిగిన పైరులో నీరు నిలిస్తే తరంగం నీటిని, కాండాన్ని తాకి తిరిగి వస్తుంది. అది నల్లగా కాక తెల్లగా అగుపడవచ్చు. ఫలక్‌నుమా వంటి ఇరుకు బస్తీలలో గోడల మధ్య నిలిచిన నీరు కూడా ఇట్లే తప్పించుకుంటుంది. 2025 జులై 30న ప్రయోగించిన నైసార్ ఉపగ్రహంలోని పొడవాటి తరంగం పైరులోపలికి మరింతగా చొరబడగలదు.

ఆకుపచ్చ లెక్క

నీటి పటం మునక చూపుతుంది, నష్టం చూపదు. వరి నీటిలో నిలిచే పైరు. పైరు మొత్తం రోజుల తరబడి మునిగితేనే పెద్ద దెబ్బ. పత్తి, కంది అట్లా కాదు. వేళ్ళకు గాలి అందక కొద్ది రోజులలోనే వడలుతాయి. కనుక మబ్బు తొలగిన తర్వాత రెండవ పటం చూడాలి.

ఆరోగ్యమైన ఆకు ఎర్రని వెలుగును పీల్చుకుని, కంటికి కనిపించని సమీప పరారుణ వెలుగును తిప్పికొడుతుంది. ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకెనే వృక్ష సూచిక అంటారు. దట్టమైన పైరుకు 0.6 పైన, బీడు నేలకు 0.1, 0.2 ప్రాంతంలో, నీటికి సున్నాకు దిగువన ఉంటుంది. వరదకు ముందు 0.7 ఉన్న చేను తర్వాత 0.3కు పడి, రెండు వారాలైనా కోలుకోకపోతే ఆశ వదులుకోవచ్చు. సెంటినెల్-2 జంట అయిదు రోజులకొకసారి, 10 మీటర్ల వివరంతో ఈ చిత్రాలు తీస్తుంది.

ఉదాహరణకు, 1,000 ఎకరాల వరి మునిగిందనుకుందాం. రెండవ పటంలో 600 ఎకరాలు కోలుకున్నట్లు తేలితే నష్టం 400 ఎకరాలే. ఎకరాకు 20 క్వింటాళ్ళ చొప్పున తగ్గే రాబడి 8,000 క్వింటాళ్ళు. మొదటి పటం చూసి 20,000 క్వింటాళ్ళు పోయినట్లు బేరం చేసినవారు మోసపోతారు.

పటం చూపనివి

వరదకు ముందే కోసిన చేను కూడా సూచికలో పడిపోయినట్లే ఉంటుంది. అందుకే గత సంవత్సరాల ఇదే వారంతోను, పక్కనే మునగని చేలతోను పోల్చాలి. కల్లంలో తడిసిన కుప్ప, రంగు మారిన ధాన్యం, మొలకెత్తిన గింజ, మరకపడిన పత్తి ఏ ఉపగ్రహానికీ కనిపించవు. విస్తీర్ణం తగ్గకున్నా మేలు సరకు తగ్గవచ్చు. అప్పుడు పెరిగేది మొత్తం ధర కాదు, మేలు రకానికి, నాసి రకానికి మధ్య వ్యత్యాసం. దీనికి నమూనా, తేమ పరీక్ష తప్ప దారి లేదు.

జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం బాలానగర్‌లో ఉంది. 1974లో ఏజెన్సీగా ఏర్పడిన సంస్థ ఇది. ఫలక్‌నుమా స్టేషను మీదుగా మహబూబ్‌నగర్ వెళ్ళే రైలు మార్గంలోని షాద్‌నగర్ వద్ద ఉపగ్రహ సమాచారాన్ని అందుకునే దాని కేంద్రం కలదు. ఈ సంస్థ వరద పటాలను భువన్ వేదికపై చూడవచ్చు.

పటం చేతికి వచ్చినప్పుడు ముందుగా తేదీ చూడాలి. అది నీటి పటమా, పైరు పటమా అన్నది తర్వాత తేల్చుకోవాలి. మొదటి పటంతో లారీల దారి, రెండవ పటంతో రాబడి, నమూనాతో నాణ్యత అంచనా కట్టిన తర్వాతనే ముందస్తు బేరాలకు దిగడం క్షేమం.