అరచేతి తెర: దాని పరిభాష



ఏ శాస్త్రమునకైనను ముందు సంజ్ఞలు తెలియవలెను. పాణిని మహర్షియు అష్టాధ్యాయిని సంజ్ఞాసూత్రముతోనే యారంభించెను. నేడు మన చేతులలోని ఫోనునకును అట్టి పరిభాష యొకటి గలదు. ముప్పదియైదేండ్లు పిల్లలకు వ్యాకరణము చెప్పిన నేను ఈ క్రొత్త సంజ్ఞల నేల నేర్చితినో విన్నవించెదను.

భద్రాచలమునకు ఎగువన అడవియంచున మా యూరు. అచ్చట సిగ్నలు నిలుకడగా నుండదు. గడచిన తొలకరిలో మా యూరి రైతొకరు ఎరువుల దుకాణమున ఫోనుతో సొమ్ము చెల్లింపబోయిరి. బటను నొక్కిరి, తెరపై ఏమియు కనబడలేదు. మొదటినుండి మరల చేసిరి. సొమ్ము రెండు మారులు పోయెను. దుకాణదారు మంచివాడు గనుక రెండవ మొత్తమును తిరిగి యిచ్చెను. కాని ఆ రైతు, "నాకు చదువు చాలదు పంతులుగారూ" అని తల వంచుకొనిరి. ఆ మాట నన్ను బాధించినది. తప్పు వారిది గాదు.

ఆ తెరను, దానిపై మనము నొక్కు చోట్లను కలిపి ఇంటర్‌ఫేసు అందురు. అనగా మనిషికిని యంత్రమునకును నడుమనున్న గడప. అందలి చిన్న గుర్తుబొమ్మ ఐకాను. ఇంటి బొమ్మ మొదటి పుటకును, చెత్తబుట్ట బొమ్మ తుడిచివేతకును గుర్తులు. వస్తువును చూడగనే దాని నెట్లు వాడవలెనో తోచు గుణమును అఫర్డెన్సు అందురు. కడవ మెడ చూడగనే చేయి అచ్చటికే పోవును గదా! బటనుగూడ నొక్కదగినదని చూపునకే తోచవలెను. మనము చేసిన పనికి యంత్రమిచ్చు బదులు ఫీడ్‌బ్యాకు. బావిలో చేద నీటిని తాకగనే చప్పుడగును. ఆ చప్పుడు వినరానిచో త్రాడు వదలుచునే యుందుము. మా రైతునకు వినరానిది ఆ చప్పుడే. "సొమ్ము పోవుచున్నది, ఆగుడు" అను ఒక్క పంక్తి తెరపై నుండిన చాలియుండెడిది.

వీని యన్నిటివలన వాడువానికి కలుగు సౌఖ్యమునకో క్లేశమునకో యూజర్ ఎక్స్‌పీరియన్సు, అనగా వినియోగదారుని యనుభవము, అని పేరు. ఈ మాటను ప్రచారమునకు తెచ్చిన అమెరికా పండితుడు డోనాల్డ్ నార్మన్. తలుపు త్రోయవలెనో లాగవలెనో తెలియక జనులు తడబడినచో దోషము తలుపు రూపమునదే గాని జనులది గాదని ఆయన 1988లో ప్రకటించిన గ్రంథమున వాదించెను.

తెలియక చేసిన దోషము వేరు; తెలిసి పన్నిన వల వేరు. మన మడుగని వస్తువును బుట్టలో చేర్చుట, "ఇంక రెండు నిమిషములే" యని అబద్ధపు తొందర పెట్టుట, చందాలో చేరుటకు ఒక నొక్కు, మానుటకు పది నొక్కులు పెట్టుట, ఇట్టివానిని డార్క్ ప్యాటర్నులందురు. 2010లో బ్రిటన్ దేశస్థుడు హ్యారీ బ్రిగ్నల్ పెట్టిన పేరిది. మన దేశమున 2023 నవంబరు 30 నాటి మార్గదర్శకములు 13 విధములైన డార్క్ ప్యాటర్నులను పేర్కొని నిషేధించినవి. ఇట్టి మోసము జరిగినచో 1915 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకొనవచ్చును.

కావున, ఇకమీదట తెర తికమకపెట్టినచో "నాకు రాదు" అనకుడు. "ఈ ఐకాను తెలియుట లేదు, ఇచ్చట ఫీడ్‌బ్యాకు లేదు" అని మనుమలతోనో బ్యాంకువారితోనో చెప్పుడు. నొప్పి యెచ్చటనో రోగి చెప్పగలిగిననే గదా వైద్యుడు మందిచ్చుట! మా రైతు ఇప్పుడు తెర మిన్నకున్నచో మరల నొక్కరు. ముందు ఖాతా చూచుకొందురు. తలయు వంచుకొనరు.