బళ్లారి జాలి: యంత్రములతో సర్కారు తుమ్మను తొలగించుట

కన్నడిగులు సర్కారు తుమ్మను ‘బళ్లారి జాలి’ యని పిలుతురు. జాలి యనగా తుమ్మ. ముండ్లచెట్టునకు తన పేరు అంటుకొనుట ఏ జిల్లాకును కీర్తికరము కాదు. అయినను సండూరు తాలూకాలోని యశ్వంతనగర్ మొదలుకొని సిరుగుప్ప వరకు గల బీడుభూములను, చెరువు గర్భములను, కాలువ గట్లను చూచినవారికి ఆ పేరు అన్యాయమని తోచదు.

నిజమునకు ఈ చెట్టు బళ్లారి సొత్తు కాదు. శాస్త్రజ్ఞులు చిరకాలము ప్రోసోపిస్ జులిఫ్లోరా యని వ్యవహరించిన దీని పుట్టినిల్లు మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవుల ప్రాంతము. వంటచెరకు కొరత తీర్చుటకై దీని విత్తనములను తెప్పింపవలసినదని 1876లో మదరాసు అటవీశాఖ యధికారి బెడ్డోమ్ దొర ప్రభుత్వమునకు వ్రాసెను. 1877లో కడప జిల్లా కమలాపురము ప్రాంతమున నాటిరి. కావున మన తెలుగుగడ్డయే దీని తొలి మెట్టినిండ్లలో నొకటి. సర్కారువారు నాటించినది గనుకనే సర్కారు తుమ్మ యైనది కాబోలు. నాటినవారి యాశ వ్యర్థము కాలేదు. నీరులేని నేలలో పెరిగి బీదల పొయ్యిని ఇది మండించినది. కాని దీని కాయ తియ్యనిది. పశువులు, మేకలు దానిని తిని, జీర్ణముగాని గింజలను పేడతోను పెంటికలతోను పొలము పొలమునకు చేర్చినవి.

కొడవలితోను గొడ్డలితోను దీనిని జయింపలేకపోవుటకు కారణము దాని శరీరనిర్మాణమునందే యున్నది. కాండమును వేరును కలియు చోట, మట్టికి కొంచెము దిగువన, నిద్రాణమైన మొగ్గలుండును. పైన నరికినకొలది ఆ మొగ్గలు మేలుకొని, ఒక్క కాండమున్నచోట పది చిగుళ్లు లేచును. అడుగు లోతువరకు మొదటిని పెకలించినగాని చెట్టు చచ్చినట్లు కాదు. ఈ యొక్క విషయము గ్రహించినచో ఏ యంత్రము పనికివచ్చునో, ఏది చెరుపు చేయునో తేటపడును.

నేడు పల్లెలలో విరివిగా దొరకునది జేసీబీ. ఇది 1945లో ఇంగ్లండున జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ స్థాపించిన సంస్థ పేరు. 1979లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఆ యంత్రముల తయారీ మొదలైనది. క్రమముగా ఆ పేరే యంత్రమునకు జాతినామమైనది. ఏడెనిమిది టన్నుల బరువుగల ఈ బండికి ముందు తొట్టి, వెనుక త్రవ్వుచేయి యుండును. తుమ్మకు పనికివచ్చునది వెనుకచేయి. దాని పండ్లను మొదటికి ప్రక్కగా దించి, వేరు క్రిందికి పోనిచ్చి, మెల్లగా పైకెత్తవలెను. ముందుతొట్టితో త్రోసినచో చెట్టు మట్టివద్ద విరిగి, మొగ్గలు భూమిలోనే మిగిలిపోవును. చూచుటకు పొలము శుభ్రముగనే కనబడును. తొలకరి వానలు పడినంతనే పొద మరల తలయెత్తును. మాకులవంటి పాతచెట్లకు ఇరువది టన్నుల గొలుసుబండి, అనగా జనులు ‘హిటాచీ’ యనునది, మేలు.

బుల్‌డోజరు సంగతి వేరు. అది వేగముగా పని తెమల్చును గాని, దాని పలక చెట్లతోపాటు పైమట్టిని గూడ గీకి కుప్పవేయును. నల్లరేగడి మందముగా నున్నచోట ఈ నష్టము కొంతకు కొంత సహ్యము. సండూరు కొండల పాదమునగల ఎఱ్ఱనేలలలో పైపొర పలుచన. అది పోయిన పిమ్మట మిగులునది గరుసు. అమెరికాలోని టెక్సాస్ రైతులు దీనికి దగ్గరి చుట్టమైన తుమ్మతో పోరాడుచు, నేలలోపల అడ్డముగా సాగి వేళ్లను కోయు నాగలిని, మట్టిని జారవిడిచి వేళ్లను మాత్రమే పట్టు పండ్లపలకను వాడుకలోనికి తెచ్చుకొనిరి. మనచోట అట్టి పలక దొరకనప్పుడు బుల్‌డోజరును పిలువకుండుటయే లాభము.

భారీ యంత్రములతో బీళ్లు బాగుచేయుట మనదేశమునకు క్రొత్త కాదు. 1947లో ఏర్పడిన కేంద్ర ట్రాక్టరు సంస్థ అమెరికా సైన్యము విడిచిపోయిన ట్రాక్టర్లతో మధ్యభారతమున రెల్లుగడ్డిని నిర్మూలింప పూనుకొన్నది. ఆ సేద్యపు యంత్రములకై 1949లో ప్రపంచబ్యాంకు కోటి డాలర్లు అప్పిచ్చినది. ఎండకాలమున లోతుగా దున్ని, పైకి వచ్చిన వేళ్లను ఎండకే వదలుట వారి పద్ధతి. తుమ్మకును అది వర్తించును. 1953లో తుంగభద్ర నీరు పారిన తరువాత గుంటూరు, కృష్ణా జిల్లాలనుండి వలసవచ్చిన తెలుగు రైతులు సిరుగుప్ప, గంగావతి, సింధనూరు ప్రాంతములలో ‘క్యాంపులు’ కట్టుకొని, ఎగుడుదిగుడు రేగడిని చదునుచేసి వరి పండించిరి. ఆ చదును మాగాణికి తగినది. యశ్వంతనగర్ వంటి మెట్టప్రాంతమున ఆ పద్ధతిని గ్రుడ్డిగా అనుకరించినచో తొలి పెద్దవానకే మట్టి వాగుపాలగును. పెకలించిన కంపను వాలునకు అడ్డముగా వరుసలుగా పేర్చినచో కొట్టుకొనిపోవు మట్టి కొంత నిలుచును.

పనికి అనువైన కాలము మాఘము మొదలు వైశాఖము వరకు. తడిసిన రేగడిలో బండి దిగబడుటయేగాక దాని బరువునకు నేల గట్టిపడును. కాయలు పండి రాలుటకు ముందే చెట్టును తీయుట మఱింత మేలు. బాడుగ గంటలలెక్కన ఇచ్చుచుందురు గనుక, గంటకు ఎన్ని చెట్లు పడినవని కాక ఎన్ని మొదళ్లు వేళ్లతో పైకివచ్చినవని లెక్కింపవలెను. యజమాని దగ్గర నిలిచి చూడనినాడు ఆ లెక్క తేలదు. పొదలచాటున పాడుబడిన దిగుడుబావులుండును. వాని అంచు బండిబరువునకు కూలవచ్చును. త్రవ్వుచేయి విద్యుత్తీగెల దాపునకు పోరాదు. వేప, చింత, కానుగ, నల్లతుమ్మ వంటి చెట్లకు ముందే సున్నపు గుర్తు పెట్టవలెను. వానిని కొట్టుటకు అనుమతి కావలసియుండవచ్చును. పొలము అడవి హద్దున నున్నచో సర్వేరాళ్లను చూచుకొనకుండ యంత్రమును దింపరాదు.

చెరువుల విషయమున ఒక హెచ్చరిక. తెలంగాణమున 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయలోవలె పూడికమన్ను పొలములకు తోలుట మంచిదే. కాని తుమ్మ పెరిగిన చెరువు మట్టితో గింజలును పొలమునకు చేరును. ఇక గట్టుమీది ముదురు చెట్లను పెకలించినచో గట్టు గుల్లయగును. అచ్చట గొడ్డలియే శరణ్యము. చిగురు వేసినప్పుడెల్ల నరుకుచుండవలెను.

యంత్రము వెడలిపోయిన తరువాతి మూడు వానకాలములు ముఖ్యమైనవి. గట్టిపొట్టుగల గింజలు భూమిలో ఏండ్లతరబడి జీవించును. ప్రతి తొలకరిలో మొలకలను లేతగా నున్నపుడే పీకించి, జొన్నయో ఉలవయో దట్టముగా చల్లవలెను. బీడుగా వదలినచో ఇచ్చిన బాడుగ అంతయు తుమ్మకు ఎరువైనట్లే.

తీసిన కట్టెకును వెల కలదు. బొగ్గుబట్టీలవారికి అమ్మినచో బాడుగలో కొంత తిరిగివచ్చును. అయితే ఆ బట్టీలమీదను, ఆ కంపమీదను బ్రదుకు కుటుంబములు ప్రతి గ్రామమున కలవు; వారికి భూమి లేదు. ఒక్క వేసవిలో ఊరంతయు తుడిచివేయువారు వారి పొయ్యి గూర్చియు యోచింపవలెను. గ్రామపు బీడులో ఒక భాగమును కంచెవేసి విడిచి, కాయ పండకమునుపే ఏటేట కట్టె కొట్టుకొననిచ్చినచో, విత్తు బయటికి రాదు, వంటచెరకును దొరకును.