కూలి లేని వేసవిలో పిడికెడు బియ్యం

కొండవీడు: మిరప కోతలు ముగిశాక కొండ దిగువ పల్లెల్లో కూలిపని పలచబడుతుంది. ప్రార్థన కూటాలకు, పిల్లల బైబిలు తరగతులకు తీరిక దొరికేది ఆ వేసవిలోనే. ఈ వైపు లూథరన్, కథోలిక్ సంఘాలే ఎక్కువ. ఆంగ్లికన్ మిషనరీలు 1841లో కృష్ణకు అవతల బందరులో దిగారు.

భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పు వి.యస్. అజరయ్య. 1912లో దోర్నకల్ పీఠమెక్కిన ఆయన, సంఘం ఖర్చు సంఘమే భరించాలన్నారు. సభ్యుల్లో అధికులు రెక్కాడితేగాని డొక్కాడని మాల మాదిగలు. డబ్బు ఎక్కడిది? అందుకే వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి దేవుని పేరిట వేరే ఉంచేది. కూలి దొరకని వేసవిలో ఆ పిడికెడు ఎంత బరువో గంజి కాచినవారికే తెలుసు. 1947లో ఆ మేత్రాసనం దక్షిణ ఇండియా సంఘంలో కలిసింది.