నల్లబల్ల బదులు చెబితే

వరంగల్లు నగరంలో కాశిబుగ్గ అనే పేట వున్నది. శ్రీకాకుళం జిల్లాలో పలాస పక్కన వున్న కాశీబుగ్గ వేరు, ఇది వేరు. ఈ పేటకు దగ్గరలోనే ఎనుమాముల మార్కెట్టు. మిరపకాయల బస్తాలు దిగే రోజుల్లో అటువైపు వెళితే తుమ్ములు రాక మానవు! అదే నగరంలో కొత్తవాడ అనే మరో పేట వున్నది. అక్కడి నేతగాళ్ళు మగ్గాల మీద జంపఖానాలు నేస్తారు. ఆ మగ్గానికీ, ఈనాటి బడిలోని కొత్త బల్లకూ ఒక పోలిక వున్నదంటే మీరు నమ్ముతారా?

పూర్వం తరగతిలో నల్లబల్ల వుండేది. మాష్టారు సుద్దముక్కతో రాస్తే పిల్లలు చూసి రాసుకునేవాళ్ళు. నల్లబల్ల దేనికీ బదులు చెప్పదు. ఇప్పుడు చాలా బడులలో నల్లబల్ల పక్కన ఒక పెద్ద తెర కూడా కనిపిస్తున్నది. తెలంగాణలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు 2023లో ఇలాంటి తెరలు ఇచ్చారు. దాని మీద వేలు పెట్టి గీస్తే గీత పడుతుంది. బొమ్మను తాకితే బొమ్మ కదులుతుంది. వేలు ఎక్కడ పెట్టామో తెరకు ఎలా తెలుస్తుంది?

ఇక్కడే మగ్గం గుర్తుకు తెచ్చుకోవాలి. మగ్గం మీద నిలువుగా పడుగు దారాలు వుంటాయి. అడ్డంగా పేక దారాలు వస్తాయి. ఇలాంటి పెద్ద తెరలలో చాలావాటికి చట్రం అంచుల వెంట చిన్న చిన్న దీపాలు వుంటాయి. అవి ఇచ్చే వెలుగు మన కంటికి కనబడదు. దాన్ని పరారుణ కాంతి అంటారు. ఈ కాంతి కిరణాలు నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని, తెర ముందు పడుగూ పేకా లాగా పరుచుకుని వుంటాయి. ఎదుటి అంచున వాటిని పట్టుకునే కళ్ళు వుంటాయి. మీరు వేలు పెట్టగానే ఒక నిలువు కిరణమూ, ఒక అడ్డ కిరణమూ ఆగిపోతాయి. అవి రెండూ కలిసే చోటే మీ వేలు వున్నదని యంత్రం కనిపెడుతుంది. అందుకే వేలే కానక్కరలేదు, పుల్ల పెట్టినా గీత పడుతుంది!

బడిలోకి యంత్రం రావటం ఇదే మొదలు కాదు. 1975 ఆగస్టు 1న మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. అమెరికావారి ఉపగ్రహం ఒకదాన్ని ఏడాదిపాటు తీసుకుని, ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ కూడా వున్నది. ఆకాశం నుంచి వచ్చే ఆ పాఠాలను పట్టుకోవటానికి వూళ్ళలో పెట్టిన పళ్ళాలను దేనితో చేశారనుకున్నారు? కోళ్ళగూటికి వాడే ఇనుపవల లాంటి దానితో! పొద్దున్నే బడిపిల్లలంతా టెలివిజన్ ముందు చేరి పాఠాలు వినేవాళ్ళు.

తరవాత 2020 మార్చిలో కరోనా వ్యాధి మూలంగా బడులు మూసివేశారు. ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠాలు వచ్చాయి. చాలామందికి అవే దిక్కయినాయి. కాని ఇంట్లో టెలివిజన్ లేనివాళ్ళ సంగతి ఏమిటి? వున్న ఒక్క ఫోనునూ నాన్న పనికి వెళుతూ పట్టుకుపోతే పిల్లవాడు ఏం చేస్తాడు? అన్నీ వున్నవాళ్ళకు కూడా ఒక చిక్కు వచ్చింది. టెలివిజన్ పంతులు చెప్పుకుపోతాడే గాని, “అర్థం కాలేదండీ” అంటే ఆగడు గదా!

ఆగి బదులు చెప్పే పాఠాలు కూడా వున్నాయి. 2001లో ఆస్ట్రియా దేశంలో మార్కస్ హోహెన్‌వార్టర్ అనే ఆయన జియోజీబ్రా అనే లెక్కల పనిముట్టు తయారు చేశాడు. అందులో త్రిభుజం మూలను పట్టి లాగితే, కోణాలు ఎలా మారుతున్నాయో అప్పటికప్పుడు కనిపిస్తుంది. 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో, నోబెల్ బహుమానం పొందిన కార్ల్ వీమన్ అనే శాస్త్రజ్ఞుడు ఫెట్ అనే ప్రయోగాల బొమ్మలు మొదలుపెట్టాడు. వీటిని పిల్లలు డబ్బు ఇవ్వకుండానే వాడుకోవచ్చు.

ఫెట్‌లో ఒక లోలకం వున్నది. లోలకమంటే దారానికి వేలాడుతూ వూగే బరువు. తెర మీద దాని బరువు పెంచవచ్చు, దారం పొడుగు మార్చవచ్చు. కాని మీట నొక్కేముందు ఒక పని చెయ్యాలి. మీ వూహను కాగితం మీద రాయండి: బరువైన రాయి త్వరగా వూగుతుందా, తేలిక రాయి త్వరగా వూగుతుందా? చాలామంది బరువైనదే అంటారు. కాని రెండూ ఒకే కాలంలో వూగుతాయి! ఎందుకంటే, భూమి బరువైన రాయిని ఎక్కువ బలంతో లాగుతుంది. కాని బరువైనదాన్ని కదిలించటం అంతకంత కష్టం. ఇదీ అదీ సరిపోతుంది. ముందుగా వూహ రాసుకున్నవాడు ఈ జవాబు చూసి ఆశ్చర్యపోతాడు, ఆశ్చర్యపోయినవాడు దాన్ని మరిచిపోడు. వూరికే మీటలు నొక్కినవాడికి అది బొమ్మలాటే.

ఇదే ప్రయోగం ఇంట్లో దారంతో, గులకరాయితో చెయ్యవచ్చు. అయితే తెర ఎందుకు? తెర మీద లోలకాన్ని చంద్రుడి మీదికి తీసుకుపోవచ్చు! అక్కడ ఆకర్షణ మన భూమి మీద వున్నదానిలో ఆరోవంతే. ఇక్కడ ఒక సెకను పట్టే వూపు అక్కడ దాదాపు రెండున్నర సెకన్లు పడుతుంది. కాశిబుగ్గలో కూర్చుని దారంతో ఈ సంగతి చూడలేం.

అలాగే, దారం నేర్పేది తెర నేర్పదు. ముడి జారుతుంది, లెక్క తప్పుతుంది, మళ్ళీ కొలవాలి. శాస్త్రజ్ఞుల పని ఇలాగే వుంటుంది.

పెద్దలకు ఒక మాట. తెర కొన్నంత మాత్రాన చదువు రాదు. పిల్లవాడి చేతికి ఫోను ఇచ్చినప్పుడు, “ఏం చూశావు?” అని కాక, “ముందు ఏమనుకున్నావు? తరవాత ఏం తేలింది?” అని అడగండి. ఫోను లేని పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోమనండి. నలుగురు కలిసి ఒక తెర ముందు వాదించుకుంటే, ఒక్కడు చూసినదానికన్నా ఎక్కువే నేర్చుకుంటారు.

పిల్లలూ, మీకొక ప్రశ్న. ముడి నుంచి రాయి మధ్యకు 25 సెంటీమీటర్లు వుండేలా దారం కట్టి, కొద్దిగా పక్కకు లాగి వదలండి. రాయి పోయి రావటానికి ఇంచుమించు ఒక సెకను పడుతుంది. ఇరవై వూపులు లెక్కబెట్టి గడియారంలో చూసుకోండి. మరి రెండు సెకన్లు పట్టాలంటే దారం ఎంత పొడుగు వుండాలి? 50 సెంటీమీటర్లు అంటారా? ముందు కాగితం మీద రాయండి. తరవాత దారం కట్టండి!