విహారయాత్రలో ఛాయాచిత్ర విద్య

విహారయాత్ర కేవలము ఆటపాటలకే గాదు. అది కన్నులకు కూడ ఒక పాఠశాల. బళ్ళారిలోని మన పిల్లలు హంపీకి వెళ్ళినపుడు, వారికి ఛాయాచిత్రములు తీయుట నేర్పుటకై నేను స్వచ్ఛందముగా రెండు మారులు వెంట వెళ్ళితిని. ఇట్టి సేవకు పూనుకొనదలచు పెద్దలకును, నేర్వగోరు విద్యార్థులకును ఉపకరించునని ఆ యనుభవమును వ్రాయుచున్నాను.

మొదటి మారు పొరపాటు చేసితిని. బస్సు దిగినంతనే కెమెరా భాగములను గూర్చి అరగంట ఉపన్యసించితిని. పిల్లలు ఓపికతో వినిరి గాని ఏమియు గ్రహింపలేదు. పిమ్మట ఫోనులున్నవారు ఒకరి నొకరు వందలకొలది బొమ్మలు తీసికొనిరి. ఫోను లేని బాలు డొకడు సాయంకాలము వరకు వెనుకనే నిలిచియుండెను. తిరుగు ప్రయాణములో గాని ఆ సంగతి నాకు తెలియలేదు.

రెండవ మారు తిన్నగా విరూపాక్షాలయమునకు తీసికొనిపోయితిని. ఆలయపు వెనుక భాగమున చీకటి గల యొక చోట, గోడయందలి చిన్న రంధ్రము గుండ వెలుగు ప్రవేశించి, తూర్పు రాజగోపురమును ఎదుటి గోడపై తలక్రిందులుగా చూపును. “ఇట్లేల?” అని పిల్లలే యడిగిరి. వెలుగు సరళరేఖలో పయనించును. శిఖరమునుండి వచ్చు కిరణము రంధ్రము దాటి క్రిందికి పోవును. అడుగునుండి వచ్చునది పైకి పోవును. కెమెరాయు ఇట్టి చీకటి గదియే. రంధ్రమున కటకమును, గోడకు మారుగా వెలుగును గ్రహించు ఫలకమును అమర్చుటయే భేదము.

తరువాత ఐదుగురి కొక ఫోను నిచ్చి, ఒక్కొక్కరు మూడు చిత్రములే తీయవలెనని నియమించితిని. మూడే యగుటచే తీయుటకు ముందు చూచుట నేర్చిరి. ఉదయపు ఏటవాలు ఎండలో శిల్పరేఖలు నీడలతో స్పష్టపడుననియు, నడిమధ్యాహ్నమున అవి మందగించుననియు వారే కనుగొనిరి. కట్టడముల నెక్కరాదు, అనుమతి లేక ఒరుల చిత్రము తీయరాదు అనునవి తక్కిన నియమములు.

1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అను సైనికోద్యోగి మైనపు కాగితపు నెగెటివులపై హంపీ కట్టడములను చిత్రించెను. విఠలాలయపు రాతి రథముపై అప్పుడుండిన ఇటుకల శిఖరము ఆ చిత్రములలో కన్పట్టును, నేడది లేదు. చిత్రమే లేకున్న దాని రూపము మన కెట్లు తెలియును? ఇది చెప్పి, ప్రతి చిత్రము క్రిందను స్థలము, తేది, చూచిన విశేషము తెలుగున వ్రాయుడంటిని. నాడు వెనుక నిలిచిన బాలుడు ఈ మారు రథచక్రమును చిత్రించి, దానిక్రింద నాలుగు పంక్తులు తప్పు లేక వ్రాసెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. సేవకుని వెంట ఉపాధ్యాయు డొకరు ఎల్లపుడు ఉండవలెను. పిల్లల చిత్రములను మీ సమ్మతి లేక ఎవరును బయట పంచరాదు. ఖరీదైన కెమెరా కొననక్కరలేదు. ఇంట మూలనున్న పాత ఫోను ఒక్క దినము ఎరువిచ్చిన చాలును. దానితో ఐదుగురు పిల్లలు లోకమును చూడ నేర్తురు.